బడికి బడి తోడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. ఆ రెండింటి సరసన ‘బడి నడిపి చూడు’ అన్న మాటను కూడా చేర్చవచ్చును. ఇల్లు కట్టడం ఒక ఏడాదితో ముగుస్తుంది. పెళ్ళి కొన్ని దినాలతో ముగుస్తుంది. బడి నడపడం మాత్రం ఏటికేడాది మళ్ళీ మొదటి నుండి ఆరంభమయ్యే పని. పాఠ్యప్రణాళిక అమలు, ఉపాధ్యాయుల మధ్య సమన్వయం, మధ్యాహ్న భోజన నిర్వహణ, తల్లిదండ్రుల విన్నపాలు, పై అధికారులు కోరే నివేదికలు, వానకు కురిసే పైకప్పు, వేసవిలో ఎండిపోయే నీటి కుళాయి - ఇవన్నీ ఒకే ఉదయాన ఒకే మనిషి బల్ల మీదికి చేరుతాయి. ఆ మనిషే ప్రధానోపాధ్యాయుడు, లేదా ప్రధానోపాధ్యాయిని.

ఇన్ని బాధ్యతల నడుమ ప్రధానోపాధ్యాయునికి కొరవడినది ఒకటున్నది. అది సాటి మనిషి తోడు. తరగతి ఉపాధ్యాయునికి సందేహం కలిగితే పక్క తరగతి ఉపాధ్యాయుని అడుగుతాడు. విద్యార్థికి అర్థం కాకపోతే తోటి విద్యార్థి నోటుపుస్తకం చూస్తాడు. ప్రధానోపాధ్యాయునికి మాత్రం తన పాఠశాల ఆవరణలో తనతో సమానమైన బాధ్యత మోసేవారు మరొకరు ఉండరు. తన సందేహాన్ని తన క్రింద పనిచేసే ఉపాధ్యాయుల ముందు వెలిబుచ్చితే చులకన అవుతానేమోనన్న సంకోచం. అధికారి ముందు వెలిబుచ్చితే అసమర్థునిగా ముద్ర పడుతుందేమోనన్న భయం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కాని ఎవరిని అడగాలో తెలియని చోట ప్రశ్న మనసులోనే మిగిలిపోతుంది. మనసులో మిగిలిన ప్రశ్నకు మూల్యం చెల్లించేది ప్రధానోపాధ్యాయుడు కాదు, ఆ బడిలో చదివే పిల్లలు.

ఈ ఒంటరితనం ఎంత విస్తృతమైనదో కొన్ని అంకెలు తెలుపుతాయి. 2016-17 విద్యా గణాంకాల ప్రకారం మనదేశంలో 1,08,017 పాఠశాలలు ఒకే ఒక్క ఉపాధ్యాయునితో నడిచాయి. వాటిలో 85,743 ప్రాథమిక పాఠశాలలు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో నూటికి ఇరవై ఎనిమిదింటిలో ముప్ఫై మందికంటె తక్కువ పిల్లలున్నారు. 2020 జాతీయ విద్యావిధానమే ఈ లెక్కలను పేర్కొన్నది. ఏకోపాధ్యాయ పాఠశాలలో పాఠం చెప్పేవాడు, హాజరు వేసేవాడు, బడి నడిపేవాడు ఒక్కడే. అటువంటి గురువుకు తన వృత్తిని గురించి మాట్లాడుకోవడానికి గోడలు తప్ప వేరెవరూ లేరనడం అతిశయోక్తి కాదు.

బడులను ఒకదానితో ఒకటి కలపాలన్న ఆలోచన క్రొత్తది కాదు. దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన 1964లో ఏర్పడి, 1966లో నివేదిక సమర్పించిన విద్యా కమిషన్ పాఠశాలా సముదాయాలను సూచించింది. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న చిన్న బడులన్నీ ఒక కుటుంబంగా ఏర్పడి, ఒకరి అనుభవాన్ని మరొకరు పంచుకోవాలని ఆ సూచన ఉద్దేశం. 1986 జాతీయ విద్యావిధానం ఆ భావనను మళ్ళీ ప్రోత్సహించింది. 2020 విధానం దానిని మరల ముందుకు తెచ్చింది. తెలుగునాట కాంప్లెక్స్ సమావేశం అనే మాట ఉపాధ్యాయులందరికీ సుపరిచితమే. అయితే అటువంటి సమావేశానికి కొన్ని సహజమైన పరిమితులున్నాయి. అది అప్పుడప్పుడు జరిగేది. సమస్య మాత్రం నేడు తలెత్తుతుంది. అందులో కలిసేవారు ఇరుగుపొరుగు ఊళ్ళవారు. తన సమస్యను ఇదివరకే ఎదుర్కొన్న మనిషి వంద క్రోసుల దూరాన ఉండవచ్చును.

దూరాన ఉన్నవారు కలిసి ఆలోచించినపుడు ఏమి సాధ్యమవుతుందో మన భాషా చరిత్రలోనే ఒక నిదర్శనమున్నది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఏ. యేట్స్ ఒక ప్రశ్న వేశాడు. ప్రజలు మాట్లాడే తెలుగుకూ, పుస్తకాలలోని తెలుగుకూ ఇంత అంతరం ఎందుకున్నదని ఆయన సందేహం. విశాఖపట్టణంలోని ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు, విజయనగరంలోని గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను తమదిగా స్వీకరించారు. మూడు ఊళ్ళలో ఉన్న ఆ విద్యావేత్తల ఆలోచనలు కలిసినందువలన వ్యావహారిక భాషోద్యమం ఊపందుకొన్నది. తెలుగు గద్యం దారి మారింది. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. తనిఖీకి వచ్చిన అధికారి తీర్పు చెప్పలేదు; తనకు తెలియనిదానిని తెలిసినవారిని అడిగాడు. అధికారం ప్రశ్నగా మారిన చోటనే ఆలోచనకు చోటు దొరికింది.

అంతర్జాలం ఈనాడు చేయగలిగిన మేలు ఇదే. ఉత్తరం చేరడానికి పట్టే రోజులను అది క్షణాలకు కుదించింది. వేర్వేరు పాఠశాలల సారథులు తమ వృత్తికి సంబంధించిన ప్రశ్నలను, అనుభవాలను, సామగ్రిని నిరంతరం పంచుకొంటూ కలిసి నేర్చుకొనే అల్లికను ‘వృత్తి అభ్యసన వలయం’ అని పిలువవచ్చును. మనిషి నేర్చుకొనేది కేవలం ఉపన్యాసం వినడం వలన కాదనీ, ఒకే పని చేసేవారి సమూహంలో పాలుపంచుకోవడం వలననీ జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించారు. దర్జీలు, మంత్రసానులు తమ విద్యను పనివారి నడుమ మెలగుతూ నేర్చుకొన్న తీరును వారు పరిశీలించారు. మన మగ్గం పనీ, కంసాలి పనీ తరతరాలుగా ఆ విధంగానే సాగాయి. బడి నడపడం కూడా అటువంటి విద్యయే. దానిని పుస్తకం కొంత నేర్పుతుంది. తోటి పనివాడు ఎక్కువ నేర్పుతాడు.

ఒక ఉదాహరణను ఊహించుకొందాం. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాలైన కోసిగి, మంత్రాలయం పరిసరాల నుండి వానలు మొగం చాటేసిన ఏడాది వేలాది కూలి కుటుంబాలు పత్తి తీతకూ, మిరప కోతకూ గుంటూరు ప్రాంతానికి వలసపోతాయి. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ పోతారు. కోసిగి ప్రాంతపు ప్రధానోపాధ్యాయుని హాజరు పట్టీలో ఆ పేర్ల ఎదుట వరుసగా గైర్హాజరు గుర్తులు పడతాయి. గుంటూరు ప్రాంతంలో మిరప చేల గట్ల మీద ఆ పిల్లలే కనిపిస్తారు. అక్కడి ప్రధానోపాధ్యాయునికి వారి పేర్లు తెలియవు, ఏ తరగతి చదివారో తెలియదు. వలస పిల్లల కోసం సీజనల్ వసతి గృహాలు ఉన్నమాట నిజమే. కాని తల్లితో పోయే పసిపిల్లవానిని అన్నివేళలా ఆపలేము. ఈ ఇద్దరు ప్రధానోపాధ్యాయులు ఒకే వలయంలో ఉన్నారనుకొందాం. మొదటివాడు వలసపోయిన పిల్లల పేర్లు, వారు చదివిన పాఠం, వారికి రాని లెక్క నేరుగా రెండవవానికి తెలియజేస్తాడు. రెండవవాడు ఆ పిల్లలను పిలిచి కూర్చోబెడతాడు. పంట కాలం ముగిసి వారు తిరిగి వెళ్ళేటప్పుడు, ఇక్కడ ఎంతవరకు నేర్చుకొన్నారో మళ్ళీ కబురు వెళుతుంది. మూడు నెలల చదువు ఎండిపోకుండా నిలిచింది. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఒక ఫోన్, ఒక పరిచయం చాలును. ఆ పరిచయమే లేకపోతే ఎంత గొప్ప యంత్రమైనా వ్యర్థం.

ఇటువంటిదే మరొకటి. సీతంపేట కొండలలో సవర మాట్లాడే పిల్లలు ఒకటవ తరగతిలో చేరినపుడు పాఠ్యపుస్తకపు తెలుగు వారికి పరాయి భాష. ఉట్నూరు ప్రాంతంలో గోండి మాట్లాడే పిల్లల పరిస్థితి అదే. ఈ రెండు చోట్ల నడుమ ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరమున్నది. నేడు అవి రెండు వేర్వేరు రాష్ట్రాలలో ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్యా కార్యక్రమం ఆరంభమైంది. ఆ కార్యక్రమంలో పనిచేసిన ఉపాధ్యాయుల అనుభవం అమూల్యమైనది. ఒక కొండ మీద సంపాదించిన జ్ఞానం మరొక కొండకు చేరడానికి దారి లేకపోతే, రెండవ కొండవారు మళ్ళీ మొదటి నుండి తడుముకోవలసి వస్తుంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక ఆసక్తికరమైన సంగతిని నిరూపించాడు. మనకు క్రొత్త సమాచారం దగ్గరి స్నేహితుల వద్ద కంటె దూరపు పరిచయస్థుల వద్దనే ఎక్కువగా లభిస్తుందట. దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది గదా! సీతంపేట గురువుకు ఉట్నూరు గురువు అటువంటి దూరపు బంధువు.

ఇతర ప్రాంతాలవారు ఈ మార్గంలో చేసిన ప్రయత్నాలు మనకు పాఠాలుగా నిలుస్తాయి. ఇంగ్లండులో 2000 సంవత్సరంలో, క్రొత్తగా బాధ్యతలు స్వీకరించిన వెయ్యిమందికి పైగా ప్రధానోపాధ్యాయులను అంతర్జాలంలో ఒకచోటికి చేర్చి ‘టాకింగ్ హెడ్స్’ అనే కార్యక్రమాన్ని ప్రయోగాత్మకంగా నిర్వహించారు. అది బయటివారికి ప్రవేశం లేని చావడి వంటిది. ఆ దేశపు జాతీయ పాఠశాల నాయకత్వ కళాశాల దానిని తన కార్యక్రమాలలో భాగంగా స్వీకరించింది. ఆ కళాశాల 2013లో మరొక సంస్థతో విలీనమైంది. అలా ఏర్పడిన సంస్థ కూడా 2018లో మూతపడింది. సంస్థలు వస్తాయి, పోతాయి. మనుషుల మధ్య ఏర్పడిన పరిచయమే మిగులుతుందన్నది దీని నుండి మనం గ్రహింపవలసిన నీతి. మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో 2010 తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల గణిత, విజ్ఞాన, సాంఘిక శాస్త్రోపాధ్యాయులు విషయాలవారీగా అంతర్జాల బృందాలుగా ఏర్పడ్డారు. తమ భాషలో ప్రశ్నించుకొన్నారు. తాము తయారుచేసిన బోధన సామగ్రిని ఎవరైనా వాడుకొనేటట్లు బహిరంగంగా ఉంచారు.

మనదేశంలో ప్రభుత్వాలు చేసిన కృషినీ విస్మరింపరాదు. జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థలో 2012లో పాఠశాల నాయకత్వానికి ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. 2017 సెప్టెంబర్ 5న ‘దీక్ష’ అనే జాతీయ వేదిక ఆరంభమైంది. 2019లో ప్రారంభమైన ‘నిష్ఠ’ శిక్షణ ప్రధానోపాధ్యాయులను కూడా తన పరిధిలోకి తీసుకొన్నది. కోవిడ్ కారణంగా 2020లో అది అంతర్జాలంలోకి మారింది. 2020 విధానం ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు ఏటా కనీసం యాభై గంటల వృత్తి వికాస అవకాశాన్ని నిర్దేశించింది. ఇవన్నీ మెచ్చదగినవే. కాని ఒక భేదాన్ని గుర్తింపవలసియున్నది. శిక్షణ అనేది పైనుండి క్రిందికి ప్రవహించేది. నిపుణుడు చెబుతాడు, గురువు వింటాడు, పరీక్ష వ్రాసి ధ్రువపత్రం పొందుతాడు. వలయం అనేది ప్రక్కనుండి ప్రక్కకు ప్రవహించేది. కాలువ నీరు పైనుండి వస్తుంది. ఊట నీరు నేల పొరలలో ప్రక్కకు పాకుతూ ఊరిలోని బావులన్నింటినీ కలుపుతుంది. పొలానికి రెండూ అవసరమే. కాని కాలువ కట్టేసిన నాడు ప్రాణం నిలిపేది ఊట.

కోవిడ్ రోజులలో ఆ ఊట విలువ తెలిసింది. 2020 మార్చిలో దేశమంతటా బడులు మూతపడ్డాయి. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుండి దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఏ పిల్లవాని ఇంట టెలివిజన్ ఉన్నది, ఎవరి ఇంట లేదు, లేని పిల్లవానిని ఏ ఇంటిలో కూర్చోబెట్టాలి అన్న ప్రశ్నలకు సమాధానం ఏ ఉత్తర్వులోనూ పూర్తిగా దొరకదు. అది ఆయా ఊళ్ళ గురువులు ఒకరి నుండి మరొకరు తెలుసుకొని నిర్ణయించుకోవలసినది.

ఇక అసలు విషయానికి వద్దాం. నేడు ప్రతి ప్రధానోపాధ్యాయుని ఫోనులోనూ వాట్సాప్ బృందాలు అనేకం ఉన్నాయి. మండల బృందం, జిల్లా బృందం, పథకానికొక బృందం. బృందాలు లేకపోవడం సమస్య కాదు. వాటిలో ఏమి జరుగుతున్నదన్నదే ప్రశ్న. అక్కడ చేరేవి ఎక్కువగా ఉత్తర్వులు, గడువులు, పంపవలసిన ఛాయాచిత్రాలు, ఇంకా పంపని పాఠశాలల జాబితాలు. ప్రధానోపాధ్యాయుని సమాధానం చాలావరకు ఒకే మాట: ‘పంపితిమి.’ 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖచిత్రం ఆధారంగా హాజరు నమోదు చేసే యాప్‌ను ప్రవేశపెట్టినపుడు, సొంత ఫోనులో దానిని వాడవలసి రావడంపై ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. ఆ వివాదంలోని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, అది ఒక సత్యాన్ని బయటపెట్టింది. ఏ సాధనం గురువుకు తోడు కాగలదో, ఆ సాధనమే ఆయన మీద నిఘాగా కూడా తోచగలదు.

కావున నా అభిప్రాయం స్పష్టమైనది. ప్రధానోపాధ్యాయుల అభ్యసన వలయం ఆజ్ఞల మార్గం నుండి వేరుగా ఉండాలి. అది వారి సొంతం కావాలి. ఉత్తర్వులు పంపే బృందంలోనే ప్రశ్నలు కూడా అడగండి అంటే ఎవరూ అడగరు. తన పనితీరును అంచనా వేసే అధికారి చూస్తుండగా ‘మా మూడవ తరగతిలో సగంమంది పిల్లలు చదవలేకపోతున్నారు, ఏమి చేయాలి?’ అని వ్రాయడానికి ఎంత ధైర్యం కావాలి! అటువంటి చోట గురువు తన బడిలోని తోరణాల ఛాయాచిత్రం పంపుతాడు గాని, చదవలేని పిల్లవాని సంగతి పంపడు. తోరణం చూసి ఎవరూ ఏమీ నేర్చుకోరు. చదవలేని పిల్లవాని కథ చెప్పినపుడే, అదే కథ తన బడిలో కూడా ఉన్న మరొకరు ‘మేము ఇలా చేశాము’ అని చెప్పగలుగుతారు. ప్రశ్న అడిగే స్వేచ్ఛ లేని వలయం పేరుకు మాత్రమే వలయం. నిజానికి అది పొడవైన నోటీసు బోర్డు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. అధికారుల ప్రమేయం లేకుంటే ఆ బృందాలు ఫిర్యాదుల పుట్టలుగా మారుతాయని కొందరంటారు. ఈ భయంలో కొంత నిజమున్నది. కాని నిట్టూర్పు కూడా మాటలో ఒక భాగమే. తన కష్టం విన్న మనిషి దొరికిన తరువాతనే ఎవరైనా ఉపాయం వైపు మరలుతారు. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి అడ్డు వస్తుందని మరికొందరి సందేహం. ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం వేరు. చదవడం రాని బాలునికి చదవడం నేర్పే మార్గాన్ని తోటి గురువును అడగడం వేరు. ఈ రెండింటి మధ్య గీత స్పష్టమే. ఆ గీతను విద్యాశాఖయే ఒక చిన్న ఉత్తర్వుతో స్పష్టపరిస్తే గురువుల భయం తీరుతుంది. ఇక తీరిక లేదన్నది మూడవ ఆక్షేపణ. ఇది అన్నింటికంటె న్యాయమైనది. అందుకే వలయం మరొక అదనపు భారం కారాదు. వారానికి అరగంటకు మించి అడిగే వలయం ఎక్కువ కాలం బ్రతకదు.

అటువంటి వలయం ఎలా ఉండాలి? మొదటిది, అది చిన్నదిగా ఉండాలి. పన్నెండు నుండి పదిహేను మంది చాలు. వందలమంది ఉన్న చోట మాట్లాడేవారు నలుగురే, మిగిలినవారు ప్రేక్షకులు. రెండవది, సభ్యులు ఒకే మండలంవారు కాకుండా, ఒకే విధమైన సమస్య ఉన్న వేర్వేరు ప్రాంతాలవారు కావాలి. వలస ప్రాంతాల బడులు, గిరిజన ప్రాంతాల బడులు, ఏకోపాధ్యాయ పాఠశాలలు, పట్టణపు ఇరుకు బడులు - ఇలా సమస్యను బట్టి కూర్పు ఉండాలి. మూడవది, వారానికి ఒకే ప్రశ్న. అడిగేవారు తమ బడి పరిస్థితిని పది వాక్యాలలో వివరించాలి. బదులు చెప్పేవారు తాము స్వయంగా చేసినదే చెప్పాలి. దాని ఫలితం ఏమైనదో చెప్పాలి. ఫలించకపోతే ఆ సంగతి కూడా చెప్పాలి. నాలుగవది, నెలకొకసారి ఒకరు ఆ చర్చల సారాంశాన్ని ఒక పుటలో తెలుగులో వ్రాసి భద్రపరచాలి. వాట్సాప్‌లో మాట నీటి మీది వ్రాత వంటిది. వచ్చే ఏడు అదే సమస్య వచ్చినపుడు వెదకితే దొరకదు. ఐదవది, నిర్వహణ బాధ్యత వంతులవారీగా మారాలి. ఒకే మనిషి పెత్తనమైతే వలయం మరొక కార్యాలయమవుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు సభ్యులు ముఖాముఖి కలుసుకోవాలి. కలిసి ఒక పూట భోంచేసినవారు ఆ తరువాత ఫోనులో నిస్సంకోచంగా మాట్లాడుకొంటారు. అధికారులను అతిథులుగా పిలువవచ్చును. వారు యేట్స్ వలె ప్రశ్నలతో వస్తే మరీ మంచిది.

కొన్ని జాగ్రత్తలూ అవసరమే. పిల్లల పేర్లు, ఛాయాచిత్రాలు, కుటుంబ వివరాలు బృందాలలో పంచుకోవడం తగదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారి సమాచారానికి ప్రత్యేక రక్షణ కల్పించింది. వలస పిల్లవాని వివరం ఒక గురువు నుండి మరొక గురువుకు, తల్లిదండ్రుల అనుమతితో, నేరుగా చేరాలి గాని పదిమంది కంటపడరాదు. మన్యంలోని అనేక గ్రామాలలో సంకేతాలు సరిగా అందవు. కాబట్టి ముఖాముఖి దృశ్య సమావేశాల కంటె, అందినపుడు చదువుకొనే వ్రాతపూర్వక సందేశమే ప్రధానం కావాలి. ఇంటి పనీ బడి పనీ రెండూ మోసే ప్రధానోపాధ్యాయినులకు సాయంత్రం ఏడు గంటల సమావేశం వీలు కాకపోవచ్చును. వేళ నిర్ణయించేటపుడు వారి మాట ముందు వినాలి. శుభోదయ చిత్రాలు, ఎవరో పంపగా మరెవరికో పంపే సందేశాలు వలయాన్ని కలుపు మొక్కల వలె కమ్మివేస్తాయి. వాటిని మొదటి రోజే ఏరివేయాలి.

ఈ మధ్య కృత్రిమ మేధతో పనిచేసే సాధనాలు ఏ ప్రశ్న వేసినా క్షణంలో జవాబు చెబుతున్నాయి. ఇక సాటి ప్రధానోపాధ్యాయునితో పని ఏమున్నదని ఎవరైనా అడుగవచ్చును. ఉత్తరం చిత్తుప్రతి వ్రాయడానికి, కాలపట్టిక సిద్ధం చేయడానికి ఆ సాధనాలు ఉపకరిస్తాయి. కాని మిరప చేను గట్టు మీద కూర్చున్న పిల్లవానిని వెళ్ళి పిలిచేది యంత్రం కాదు. ‘నాకూ ఆ ఏడు అలాగే అయింది, దిగులు పడకండి’ అన్న మాటకు బలం చేకూర్చేది అనుభవించిన మనిషి గొంతు. జవాబు ఎక్కడైనా దొరకవచ్చును. బాధ్యత పంచుకొనేవారు దొరకడమే అరుదు.

ఇదంతా గురువుల విషయం గదా, చదువుకొనే మనకేమి సంబంధమని విద్యార్థులు తలపవచ్చును. సంబంధమున్నది. ప్రధానోపాధ్యాయుడు గది తలుపు వేసుకొని ఒంటరిగా తీసుకొన్న నిర్ణయం ఆ బడిలోని ప్రతి పిల్లవాని చదువు మీద పడుతుంది. అదిగాక, నేటి విద్యార్థులలో రేపటి ఉపాధ్యాయులు, అధికారులు, సాంకేతిక నిపుణులు ఉన్నారు. ఉపాధ్యాయుడయ్యేవారు తెలియదని చెప్పడం చిన్నతనం కాదని నేర్చుకోవాలి. అధికారి అయ్యేవారు తీర్పు కంటె ముందు ప్రశ్న వేయడం నేర్చుకోవాలి. సాధనాలను రూపొందించేవారు లెక్కలు అడిగే యంత్రాలతో పాటు, మనుషులు మాట్లాడుకొనే చావిడులను కూడా నిర్మించాలి.

దేశంలోని ప్రతి బడికీ కంప్యూటర్లు, తెరలు, తీగలు సమకూర్చడానికి ధనం కావాలి. దానికి కాలం పడుతుంది. ఒక బడి ప్రధానోపాధ్యాయుడు మరొక బడి ప్రధానోపాధ్యాయుని నిర్భయంగా అడగగలిగే వాతావరణానికి కావలసినది ధనం కాదు, విశ్వాసం. గురువులు మంచి జరగాలని కోరేవారేనని విశ్వసించి, వారి మాటలకు వారినే యజమానులను చేస్తే చాలు. కోసిగి బడిలో గైర్హాజరు గుర్తు పడిన పేరు, గుంటూరు ప్రాంతపు బడిలో హాజరు పట్టీకి ఎక్కుతుంది. బడికి బడి తోడైన నాడు, ఏ ఊరికి వలసపోయినా పిల్లవాని చదువు వాని వెంటనే నడుస్తుంది.